వారముల అన్నము

పూర్వము మన పట్టణములకు చదువుకై వచ్చిన బీదబాలునికి, చేతిలో కాసు లేకున్నను, తిండి పెట్టెడి ఏడిండ్లు దొరికినచో చదువు సాగిపోయెడిది. సోమవారము ప్లీడరుగారి యింట, మంగళవారము కరణముగారి యింట, ఇట్లు దినమున కొక గడప చొప్పున కుదుర్చుకొని భుజించుటయే వారములు చేసికొనుట. అట్టివానిని ఊరంతయు వారాలబ్బాయి యని పిలిచెడిది.

నూతికడ కాళ్లు కడిగికొని, వసారాలో విస్తరి ముందు కూర్చున్న ఆ పిల్లవానికి పప్పు వడ్డించుచు, “నిన్నటి లెక్కల పరీక్ష ఎట్లు వ్రాసితివిరా?” అని యిల్లాలు అడిగెడిది, మరుసటి వారము మరల అడిగెడిది. జ్వరము వచ్చి వాడు రాకపోయినచో, ఏమైనాడో కనుగొని రమ్మని తన కొడుకును పంపెడిది. ఆ గృహస్థులు సంపన్నులు కానక్కర లేదు. వారికి పడిన భారము వారమున కొక దినమే. అయినను ఆ దినము తప్పరాదు, తప్పినచో వానికి పస్తే. దానము స్వల్పమైనను నియతమై యుండుటయు, ఇచ్చువారు పుచ్చుకొనువాని ముఖ మెరిగి యుండుటయు ఈ ఆచారమునకు ప్రాణమని నా విశ్వాసము.

కాని ఈ కరుణకు కులమే ఎల్లగా నుండెను. మాల మాదిగ పిల్లలకు ఆ వసారా యెక్కు వీలే లేదు. బాలికల మాట తలచిన వారే అరుదు. భోజనమునకు ప్రతిగా నీళ్లు తోడించి, పసిబిడ్డలను మోయించిన యిండ్లును కలవు. ఈ దోషమును కప్పిపుచ్చి వారములను పొగడుట న్యాయము కాదు. కాకినాడలో పిఠాపురము మహారాజావారు నెలకొల్పిన అనాథశరణాలయమును, అచ్చటి కళాశాలాధ్యక్షులై యుండిన రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు నిమ్నజాతుల విద్యార్థులను చేరదీసి చదివించుటయు, ఆ ఎల్లను చెరిపిన తొలి ప్రయత్నములలో చేరును.

వారములకు మరియొక కొరతయు కలదు: బాలునికి అన్నము పెట్టిన మాత్రమున వాని యిల్లు నిలువదు. టంగుటూరి ప్రకాశముగారి తండ్రి గతించిన పిమ్మట, ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడిపి బిడ్డలను పెంచినది ఆయన తల్లియే. ఆ తల్లి కష్టమునకు ఉపాధ్యాయులగు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి ఆదరము తోడై, ఆ బాలుని చదువును ముందుకు నడిపినది.

మన కాలమున మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను, పిల్లవానితోపాటు వాని యింటిని కూడ చూడవలెనను ఈ సత్యమును గ్రామములలో ఆచరణకు తెచ్చినది. 1991 ప్రాంతమున రంగారెడ్డి జిల్లాలో వెట్టిలోను కూలిలోను మగ్గుచున్న పిల్లలతో ఆ సంస్థ తన కార్యమును ఆరంభించెను. దానిని నడిపిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించినది. బడి ఎరుగని పెద్దపిల్లలను నేరుగ ఒకటవ తరగతిలో కూర్చుండబెట్టిన వారు సిగ్గుపడి పారిపోవుదురు; కావున ముందుగా శిబిరములలో చదువు నేర్పి, వయస్సునకు తగిన తరగతిలో చేర్పించిరి. ఆయా ఊళ్ల యువకులే సాయంకాలము పిల్లల తల్లి కూలినుండి తిరిగివచ్చు వేళకు ఆమె గడపకు పోయి మాటలాడిరి. మేకలను ఎవరు కాయుదురు, చంటిదానిని ఎవరు చూతురు అని ఆమె అడుగును. ఆ ప్రశ్నలకు ఆ వీథిలోనే, ఆ యింటిలోనే ఉపాయము వెదకవలసి యుండును.

నేడును ఉదారులు లేకపోలేదు. జూన్ నెలలో బడులు తెరచునప్పుడు పుస్తకములను, సంచులను, బట్టలను పంచువారు ఊరూర కలరు. వారి మంచితనము శ్లాఘ్యమే. అయితే మెట్టసీమలలో పత్తితీతల కాలము వచ్చునప్పటికి హాజరుపట్టీలో ఖాళీలు పడుట మొదలగును. పుస్తకముల సంచి గూటిలో నుండగనే దానిని పుచ్చుకొన్న పిల్ల తల్లివెంట చేనికి పోవును. ఆ కార్తికమాసమున ఆ యింటికి పోయి, పిల్ల ఏల బడికి రాలేదని అడిగి, కూలిడబ్బుల లోటును కొన్ని వారములు పంచుకొనగల పొరుగువారు నలుగురు ప్రతి యూరను కావలసియున్నారు.