ఇంటిలో డీజే పరికరములు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో నేడు పెండ్లి గాని, జాతర గాని, వినాయక నిమజ్జనము గాని డీజే లేక జరుగుట అరుదైపోయినది. ఆ పేరు వినినంతనే పలువురు గృహిణులకు మొదట తలనొప్పియే జ్ఞప్తికి వచ్చును. పసిపిల్లలు ఉలికిపడి లేచుట, గోడమీది పటములు కదలుట, ఇంటి పెద్దలు చెవులు మూసికొని కూర్చుండుట మనమందఱము చూచినవే. అట్టి వస్తువును గుఱించి గృహిణులు చదువు పత్రికలో వ్రాయనేల యని సోదరీమణులు కొందఱడుగవచ్చును. ఆ పరికరములు వీధిలోనే నిలువక మన యిండ్లలోనికిని వచ్చినవి. కుమారుడో కుమార్తెయో కొనిపెట్టుమని యడుగుచున్నారు. అడిగిన బిడ్డకు ఔననుటకైనను కాదనుటకైనను ఆ వస్తువేమో తల్లికి తెలిసియుండవలెను గదా!

మా యింటికి ఈ ప్రశ్న యెట్లు వచ్చినదో ముందు చెప్పెదము. మా చెల్లెలి కుమార్తె మదనపల్లెలో మా యింటనే యుండి కళాశాలలో చదువుచున్నది. పుంగనూరున బంధువుల యింట పెండ్లికూతురిని చేయునాడు పాటలు వినిపించు పని తానే పూనుకొన్నది. అద్దెకు తెచ్చిన పెద్ద స్పీకర్లు రెంటిని ఇరుకు వీధిలో పందిరి క్రింద నిలిపినది. ఏ మీట యేమి చేయునో చక్కగా తెలియదు. పాట సన్నగిల్లినట్లు తోచినప్పుడెల్ల ధ్వనిని హెచ్చించుటయే ఆమె యెఱిగిన యుపాయము. వంటయింటి అలమరలోని స్టీలు డబ్బాలు గలగలలాడినవి. నడుమ ఒక స్పీకరు బొంగురుపోయి, కొంతసేపటికి మూగవోయినది.

మఱునాటి యుదయమున ఎదురింటి అవ్వ వచ్చినది. ఆమె కయ్యమునకు రాలేదు. "పాటలు బాగుండాయి తల్లీ, మాట మాత్రం ఒకటీ తెలియలేదు" అని చెప్పి, నిద్రలేక యెఱ్ఱబడిన కన్నులు తుడుచుకొనుచు వెడలిపోయినది.

ఇక ఆ పని కట్టిపెట్టవలసినదేయని మా మఱదిగారు ఖండితముగా చెప్పిరి. అమ్మాయి రెండు దినములు ఎవరితోను మాటలాడలేదు. మూడవనాడు మాకడకు వచ్చి, "పెద్దమ్మా, నేను చేసింది తప్పే. కాని నేర్చుకోకుండా చేసినాను కాబట్టి తప్పయింది" అన్నది. ఆ మాట మాకు న్యాయముగా తోచినది. ఆఱు మాసములు ఇంటనే నేర్చుకొనవలెననియు, అంతవఱకు బయట ఎచ్చటను వినిపింపరాదనియు, చెడిన స్పీకరుకై మేము చెల్లించిన సొమ్ము నెలనెల తీర్పవలెననియు ఒడంబడిక చేసికొంటిమి. మఱదిగారు ఔననలేదు, కాదనలేదు.

ఈ విద్య యెచ్చటిది?

డీజే యనగా డిస్క్ జాకీ. రేడియోలో రికార్డులను ఎన్నుకొని వరుసగా వినిపించువారికి అమెరికాలో వచ్చిన పేరిది. 1972లో జపాను దేశపు మత్సుషితా సంస్థ టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 అను రికార్డు ప్లేయరును వెలువరించినది. దానిలో పళ్లెరమును మోటారే నేరుగా త్రిప్పును. కావున అది తక్షణము వేగమందుకొనును. ఆ వేగమును కొలదిగా హెచ్చించుటకును తగ్గించుటకును వీలుండును.

మఱుసటి యేడు, 1973 ఆగస్టు 11వ తేదీన, న్యూయార్కు నగరపు బ్రాంక్స్ ప్రాంతమున సిండీ క్యాంప్‌బెల్ అను బాలిక బడి తెఱచునాటికి క్రొత్త దుస్తులు కొనుటకై సొమ్ము కూర్చుకొనదలచి, తాముండు భవనములోని ఒక గదిలో రుసుము పెట్టి వేడుక నడిపినది. పాటలు వినిపించినవాడు ఆమె యన్న క్లైవ్. లోకము అతనిని డీజే కూల్ హెర్క్ అని యెఱుగును. ఒకే రికార్డు ప్రతులు రెంటిని ఉంచుకొని, వాద్యములు మాత్రమే మ్రోగు చిన్న భాగమును ఒకదాని వెంట నొకటిగా మఱల మఱల వినిపించుట అతని నేర్పు. హిప్‌హాప్ సంగీతమునకు అదియే జన్మదినమని చెప్పుదురు. ఆ జన్మము వెనుక ఒక యాడపిల్ల యింటి లెక్క యున్నదని మనము మఱువరాదు.

మా మదనపల్లెకును ఇట్టి పుణ్యము కొంత గలదు. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు ఇచ్చటి బీసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చి, జనగణమన పాడి వినిపించి, దానిని ఆంగ్లములోనికి అనువదించిరి. అధ్యక్షులగు జేమ్స్ కజిన్స్‌గారి భార్య మార్గరెట్ కజిన్స్‌గారు ఆ పాటకు స్వరలిపి కూర్చిరి. పాట పుట్టించుట యొక విద్య. పుట్టిన పాటను పదిమందికి అందునట్లు అమర్చుట మఱియొక విద్య. మా అమ్మాయి నేర్వగోరినది ఈ రెండవ దానికి చిన్న చెల్లెలని మేము సమాధానపడితిమి.

కావలసిన వస్తువులు

మొదటి నెలలో మేమేమియు కొనలేదు. ఇంటనున్న లాప్‌టాప్‌లో మిక్స్ అను సాఫ్టువేరు వేసికొంటిమి. ఆంగ్లమున దీని పేరు చివర మూడు ఎక్స్ అక్షరములుండును. 2001లో మొదలైన ఈ సాఫ్టువేరునకు వెల లేదు. తెఱచినచో తెరమీద రెండు రికార్డు పళ్లెరములు కనబడును. వానిని డెక్కులందురు. ఈ యభిరుచి నిలుచునా, వారము దినముల ముచ్చటయా యని తెలిసికొనుటకు ఇంతమాత్రము చాలును. బిడ్డ అడిగిన వెంటనే వేలు వెచ్చింప నక్కఱలేదు.

రెండవ నెలలో కంట్రోలరు కొంటిమి. ఇది బల్లమీద నిలుచు పలక. ఇరువైపుల రెండు గుండ్రని చక్రములు, నడుమ రెండు పాటలను కలుపు మిక్సరు నుండును. ఇది తనంతట పాడదు. పాట లాప్‌టాప్‌లోనే యుండును. మన చేతి కదలికను ఇది యుఎస్‌బీ తీగద్వారా దానికి తెలుపును. కొనునప్పుడు లోపల సౌండ్‌కార్డు గలదా, హెడ్‌ఫోన్లకు వేఱుగా చోటు గలదా యని తప్పక చూడవలెను. ఏలయన, డీజేకు ఒకేసారి రెండు ధ్వనులు కావలెను. సభవారు వినుచున్న పాట స్పీకర్లలోను, రాబోవు పాట తన హెడ్‌ఫోన్లలోను మ్రోగవలెను. లాప్‌టాప్‌నకు సామాన్యముగా ఒకే దారి యుండుటచే ఈ పని దానివలన కాదు.

హెడ్‌ఫోన్లు చెవిని పూర్తిగా మూయునవి మంచివి. తీగ గలవియే వాడవలెను. బ్లూటూతు హెడ్‌ఫోన్లలో ధ్వని కొంత ఆలస్యముగా చేరుటచే తాళము కుదురదు.

అమరిక

బల్ల మోచేతి యెత్తున నుండవలెను. స్పీకర్లు రెండును, వినువారి తలయు సమత్రిభుజముగా నుండుట మేలు. స్పీకర్లను గది మూలలలో పెట్టినచో మంద్రధ్వని గోడలకు తగిలి మితిమీఱును. కంట్రోలరు తీగను నేరుగా లాప్‌టాప్‌నకే తగిలింపవలెను. పిదప సాఫ్టువేరులోని సౌండు అమరికలలో స్పీకర్లకు మొదటి జతను, హెడ్‌ఫోన్లకు రెండవ జతను చూపవలెను. తొలినాడు మేము ఈ సంగతి యెఱుగక, హెడ్‌ఫోన్లు చెడినవేమో యని గంటసేపు వెదకితిమి. బఫరు అను అంకెను 5, 6 మిల్లీసెకండ్ల కడ నుంచినచో చేయి కదిపినంతనే ధ్వని పలుకును. పాట చిటపటలాడినచో దానిని కొంచెము హెచ్చింపవలెను.

ముందు లేచి చివర పండుకొను ఇల్లాలివలె కంట్రోలరు ముందు వెలుగవలెను, చివర ఆఱవలెను. స్పీకర్లను అన్నిటికంటె వెనుక వేసి, అన్నిటికంటె ముందు ఆర్పవలెను. లేనిచో ఢమ్మను చప్పుడు వచ్చి అవి చెడును.

పాటలను సొంతముగా కొని దాచుకొనుట మంచిది. 320 కిలోబిట్ల ఎమ్‌పీ3 పాట నిమిషమునకు 2.4 మెగాబైట్లు పట్టును. నాలుగు నిమిషముల పాటకు పది మెగాబైట్లు కూడ కావు. ఇంతకంటె కుదించిన పాట ఫోనులో బాగున్నట్లు తోచినను పెద్ద స్పీకరులో దాని పేదఱికము బయటపడును.

సాధన

ఒక పాటనుండి మఱొక పాటకు తాళము తప్పక దాటుట మొదటి పాఠము. బయట మ్రోగుచున్న పాట నిమిషమునకు 104 దెబ్బలు, రాబోవునది 100 దెబ్బలు అనుకొందము. రెండవదానిని హెడ్‌ఫోన్లలో వినుచు, టెంపో మీటతో 4 శాతము హెచ్చింపవలెను. శ్రుతి మాఱకుండుటకు కీలాకు అను మీట గలదు. ఎనిమిదేసి దెబ్బల వరుస మొదటనే క్రొత్త పాటను విడువవలెను. ఆదితాళము వేయ నేర్చిన మన బాలికలకు ఈ లెక్క క్రొత్త గాదు.

సింకు అను మీట నొక్కినచో కంప్యూటరే తాళము కలుపును గదా యని యందురు. కలుపును, కాని లెక్క సరిగా తెలిసినప్పుడే. పాత సినిమా పాటలలో వాద్యగాండ్రు చేతితో వాయించుటచే నడక కొంచెము సాగుచు తగ్గుచుండును. మన జానపదములు పెక్కు తకిట తకిట యను త్రిశ్రగతిలో నుండును. యంత్రము వీనిని తఱచు తకధిమి లెక్కలో కొలిచి పొరబడును. అట్టి పాటను బలవంతముగా కలుపరాదు. ముందు పాటను ముగియనిచ్చి, ఒక్క ఊపిరి విరామమిచ్చి, తరువాతి పాటను ఎత్తుకొనుటయే మర్యాద. అమ్మాయి మొదటి మూడు నెలలు సింకు ముట్టకుండ చెవితోనే సాధన చేసినది.

ఇక అవ్వ చెప్పిన మాటకు కారణము నాలుగవ నెలలో మాకు దొరికినది. మిక్సరుపై హై, మిడ్, లో అను మూడు మీటలుండును. డప్పు, డోలు గుండెలదరు మ్రోత లో భాగమున నుండును. పాట మాట ముఖ్యముగా మిడ్ భాగమున నుండును. ఆనాడు రెండు పాటల మంద్రము ఒకదానిపై నొకటి పడుటయే గాక, ఇరుకు వీధి గోడల నడుమ అది పేరుకొని మాటను మ్రింగివేసినది. దానికి తోడు ఎఱ్ఱ దీపము వెలుగుచునే యున్నది. డిజిటల్ ధ్వనికి మీదికప్పు ఒకటి గలదు. దానిని దాటిన తరంగముల శిరస్సులు నఱికినట్లు చదునగును. బొంగురు దానివలననే వచ్చును, స్పీకరు చెడుటయు దానివలననే. కావున ఒక పాట లో మీట తగ్గించిన పిదపనే రెండవదాని లో మీట ఎత్తవలెను. దీపము పచ్చనిదాటి ఎఱ్ఱనికి పోనీయరాదు. ఈ రెండు నియమములు తెలిసియున్నచో పుంగనూరున సగము ధ్వనితోనే పాట రెట్టింపు తెలిసియుండెడిది.

చెవియు చట్టమును

సాధన యంతయు హెడ్‌ఫోన్లలో జరుగును గనుక తల్లులు ఈ లెక్క నెఱుగుట యవసరము. 85 డెసిబెళ్ల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. ప్రతి 3 డెసిబెళ్లకు ఆ కాలము సగమగును. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 100కు 15 నిమిషములే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 80 డెసిబెళ్లలో వారమునకు 40 గంటలు మాత్రమే హద్దుగా చెప్పినది. సాధన పిదప చెవులలో గుయ్యిమను మ్రోత వినబడినచో ఆనాటికి చాలించి చెవులకు విశ్రాంతి నీయవలెను. లోచెవిలోని సూక్ష్మకణములు చెడినచో మఱల మొలువవు.

పొరుగువారి మాటయు చట్టమున గలదు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. రాత్రి 10 నుండి ఉదయము 6 వఱకు బహిరంగ స్థలములలో లౌడ్‌స్పీకర్లు కూడవు. తక్కిన వేళలను అధికారుల వ్రాతపూర్వకమైన యనుమతి కావలెను. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించిరి. నేర్పులేని మ్రోత చివరకు నేర్పుగలవారి పనికిని అడ్డమగుననుటకు ఇది నిదర్శనము.

కుప్పము పెండ్లి

ఏడవ నెలలో ఆ పుంగనూరు బంధువుల యింటి మఱియొక పిల్లకు కుప్పమున వివాహము కుదిరినది. అమ్మాయి అడుగలేదు. పెండ్లికూతురి తల్లియే, "ఈసారి మెల్లగా పెడతావా?" అని యడిగినది. కుప్పము తమిళ, కన్నడ సీమల నానుకొనియున్న యూరు. ద్రావిడ భాషల అధ్యయనమునకై 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము అచ్చటనే నెలకొన్నది. పెండ్లికి కోలారు నుండియు కృష్ణగిరి నుండియు బంధువులు వచ్చిరి. అమ్మాయి వారము ముందే మూడు భాషల పాటలను విడివిడిగా పేర్చుకొని, ఏ వేళకు ఏ పాటయో పెద్దవారి నడిగి వ్రాసికొన్నది. స్పీకర్లను పసిపిల్లలు పండుకొను గదికి దూరముగా పెట్టించినది.

అంతయు నిర్దోషముగా జరిగినదని చెప్పజాలము. ఒక కన్నడ జానపదమున తాళము జాఱినది. ఆమె తొందరపడక మొదటి పాటను ముగియనిచ్చి రెండవదానిని విడిగా ఎత్తుకొన్నది. తొమ్మిదిన్నరకు అన్నియు ఆపివేసినది.

ఇరుగుపొరుగువారితో పుంగనూరు అవ్వయు బస్సులో వచ్చియుండెను. రెండవ వరుసలో కూర్చుండి, ఒక పాత పాట వచ్చినప్పుడు దాని మాటలను ప్రక్కనున్న మనుమరాలికి ఒక్కొక్కటిగా చెప్పుచుండుట మేము చూచితిమి. పెండ్లి ముగిసిన పిదప మా మఱదిగారు ఏమియు మాటలాడక స్పీకరు నొకదానిని తామే మోసి వ్యానులో పెట్టిరి.

సోదరీమణులారా, మీ బిడ్డ ఈ పరికరము కోరినచో తొలుత హెడ్‌ఫోన్లిచ్చి కొన్నాళ్లు విననిండు. వినుట నేర్చిన పిదప వినిపించుటకు మీరే ఆజ్ఞ యీయవచ్చును.