సైకిలుకి ఆ మీట అవసరమా?

"మామయ్యా, లాకౌట్ ఉన్న సైకిలు కొనమంటావా, వద్దంటావా? ధరలో తేడా చాలా ఉంది" అని అడిగాడు మా మేనల్లుడు. వాడు కొనబోయేది ముందూ వెనకా సస్పెన్షన్ ఉండే మౌంటెన్ బైకు. పోయిన వేసవిలో నా మణికట్టుకి కట్టు చూసి వెళ్లాడు కనుకనే నన్నడిగాడు.

ఈ సైకిళ్లలో వెనక చక్రం కుదుపులని ఫ్రేముకి తగలనివ్వకుండా షాక్ ఒకటి ఉంటుంది. మనం కూర్చోగానే అది పావువంతో, ఇంకొంచెమో కుంగాలి. అప్పుడే చక్రం గుంటలో దిగి, రాయి మీద లేచి, నేలని వదలకుండా సాగుతుంది. చిక్కల్లా, తొక్కినప్పుడల్లా కూడా అది ఊగుతుంది; కాళ్ల సత్తువ కొంత అక్కడే ఖర్చయిపోతుంది. లాకౌట్ మీట తిప్పితే షాక్ లోపల నూనె పారే దారి మూసుకుని, అది బిగుసుకుంటుంది.

మా బెంగుళూరువాళ్లకి నంది కొండ తెలియనిది కాదు. 1,478 మీటర్ల ఎత్తు, 7 కిలోమీటర్లకి పైగా తారు రోడ్డు, మలుపు మీద మలుపు. అక్కడ మీట వేసి, సీటు మీంచి లేచి తొక్కితే ఎంత సుఖమో! అంతవరకూ నేను లాకౌట్ పక్షమే.

ఆ రోజు కొండ దిగాక, దగ్గరదారి కదా అని పల్లంలోకి పోయే రాళ్ల బాట పట్టాను. మీట తియ్యడం మరిచాను. కొన్ని షాకుల్లో గట్టి దెబ్బ తగిలితే తానే వదిలే కవాటం ఉంటుందట. నా దాంట్లో లేదు. రాయి తగలగానే వెనక చక్రం ఎగిరింది, నేను హ్యాండిల్ మీదుగా వెళ్లి చేతుల మీద పడ్డాను. రాళ్ల దారిలో ఎక్కేటప్పుడూ ఇది పనికిరాదు. బిగుసుకున్న చక్రం పట్టు దొరక్క జారుతుంది.

"2016 రియో ఒలింపిక్స్‌లో గెలిచిన నినో షుర్టర్ సైకిలుకి హ్యాండిల్ మీదే మీట ఉందిగా?" అన్నాడు. ఉంది. ఆయనకి సెకన్ల లెక్క. మనం ఇడ్లీ చల్లారేలోగా ఇల్లు చేరితే చాలు. ముందు నీ బరువుకి తగ్గట్టు షాకులో గాలి సరిగా కొట్టించుకో, ఇప్పటి మంచి ఫ్రేముల్లో గొలుసు లాగుడే ఆ ఊపుని చాలావరకు ఆపుతుంది, షాక్ మీదుండే మామూలు మీట చాలు, హ్యాండిల్ దాకా తీగ లాగినందుకు అదనంగా డబ్బు పొయ్యకు అన్నాను. వారం వారం తారు రోడ్డు మీద నందికే పోతానంటే అది వేరు సంగతి.

"హ్యాండిల్ మీద, కళ్లెదుట ఉంటే నువ్వు మరిచిపోయేవాడివి కాదేమో మామయ్యా" అన్నాడు వాడు నవ్వుతూ.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు మీట వేసినప్పుడల్లా బ్రేకు పిడికి ఒక రబ్బరు బ్యాండు తగిలిస్తున్నాను. దిగేముందు వేలికి తగులుతుంది.