పిండి లేని పిండివంటలు

పండుగ యనగానే పిండివంటలు తలపునకు వచ్చుట లోకసామాన్యము. అయితే గోధుమపిండి యింట నుండుటయే నిషిద్ధమైన పండుగనాడు అతిథులకు తీపి యేమి చేసి పెట్టవలెనను ప్రశ్న యూదుల యిండ్లలో ఏటేట వసంతకాలమున తలయెత్తుచుండును. ఆ పండుగ పస్కా. ఐగుప్తు దాస్యమునుండి విడివడి ఇశ్రాయేలీయులు తరలిపోయినప్పుడు, కలిపిన పిండి పులియువరకు నిలుచుటకైన వ్యవధి లేక పొంగని రొట్టెలనే కాల్చుకొనిరని నిర్గమకాండము చెప్పుచున్నది. తత్స్మరణార్థము ఇశ్రాయేలు దేశమున 7 దినములు, అన్యదేశములలో సంప్రదాయనిష్ఠులు 8 దినములు పులిసిన ధాన్యపదార్థములను ముట్టరు. మన గుంటూరు సీమలో, చేబ్రోలు సమీపమందలి కొత్తరెడ్డిపాలెమున యూదాచారములను అవలంబించు తెలుగు కుటుంబములును ఈ పండుగను జరుపుకొనుచున్నవి.

ఈ నియమము పైకి కనిపించునంత సులభమైనది కాదు. గోధుమ, యవలు, రై, ఓట్లు, స్పెల్ట్ అను ఐదు ధాన్యములలో దేని పిండికైనను నీరు తగిలిన పిమ్మట 18 నిమిషములలోపల అది కాలి రొట్టె కాకున్నచో పులిసినదిగనే యెంచబడును. ఆ గడువులోపల కాల్చిన పలుచని రొట్టెయే ‘మత్సా’. మధ్య, తూర్పు ఐరోపా సంతతివారైన అష్కెనాజీలు ఇంతటితో నిలువక బియ్యము, మొక్కజొన్న, పప్పుధాన్యములను సైతము వర్జింతురు. స్పెయిను, పోర్చుగల్ దేశముల సంతతివారైన సెఫార్దీలలోనన్ననో బియ్యము తినువారు అనేకులు. 2015లో అమెరికాయందలి కన్సర్వేటివ్ శాఖకు చెందిన పండితమండలి అష్కెనాజీల కీ రెండవ నిషేధమును సడలించినను, పూర్వాచారమును విడువనివారు పెక్కురు కలరు. వీనికితోడు మాంసమును పాలను కలిపి భుజింపరాదను నిత్యనియమ మొకటి యుండుటచేత, మాంసభోజనానంతరము వడ్డించు తీపిలో వెన్న గాని మీగడ గాని యుండరాదు.

ఇన్ని వర్జింపగా మిగిలిన బాదముపప్పు, కొబ్బరి, కోడిగ్రుడ్లు, బంగాళాదుంప గంజిపిండి, మత్సాపొడి అనువానితోనే యూదుల గృహిణులు తరతరములుగా తీపివంటల నొక శాస్త్రముగా పెంపొందించిరి. తెల్లసొనను నురుగు గట్టువరకు గిలకొట్టి, కొబ్బరికోరును చక్కెరను చేర్చి కాల్చిన మకరూనులు వానిలో సుప్రసిద్ధములు. పండుగ తొలిరాత్రి భోజనమున వడ్డించు ‘హరోసెత్’ ఐగుప్తులో పూర్వులు ఇటుకలు పేర్చిన అడుసునకు గుర్తు. ఐరోపావారు దానిని ఆపిలుపండ్లు, అక్రోటుపప్పు, ద్రాక్షాసవములతో చేయగా, కలకత్తాలో స్థిరపడిన బాగ్దాదు యూదులు ఖర్జూరపు పాకములో అక్రోటుపప్పు కలిపి చేసికొనిరి.

వీనియందెల్ల విశేషించి చెప్పదగినది నారింజ-బాదము కేకు. కైరోలో జన్మించిన క్లాడియా రోడెన్ 1968లో ప్రకటించిన మధ్యప్రాచ్య వంటల గ్రంథముద్వారా ఇది ఆంగ్లపాఠకులకు సుపరిచితమయ్యెను. 1956 నాటి సూయజ్ సంక్షోభానంతరము ఆమె కుటుంబమును ఐగుప్తును విడువవలసివచ్చినదే. రెండు నారింజపండ్లను తొక్కతోనే సుమారు రెండు గంటలు నీట నుడికించి, చల్లారిన తరువాత కోసి గింజలు తీసి, తొక్కతో సహా మెత్తగా రుబ్బవలెను. ఆరు గ్రుడ్లను బాగుగ గిలకొట్టి, 250 గ్రాముల బాదముపొడి, అంతే చక్కెర, ఒక చెంచా బేకింగ్ పౌడరు, ఆ నారింజముద్ద కలిపి ఓవెనులో సుమారు గంటసేపు కాల్చవలెను. ఉడుకుటచేత తొక్క మెత్తబడి దాని చేదు తగ్గును. బాదములోని నూనె వెన్నకు బదులగును. గ్రుడ్లు ముద్దను పట్టి నిలుపును. లోపల పూర్ణమువలె మెత్తగా నుండు ఈ కేకులో పిండియు లేదు, పాలును లేవు. కనుక మాంసభోజనానంతరమును నిరభ్యంతరముగా వడ్డింపవచ్చును. పస్కా పేరైనను వినని యిండ్లలో సైతము నేడిది ఏడాది పొడవునను చేయబడుచున్నది.

అయినను అంగడిసరకుల విషయమున జాగరూకత యవసరము. సామాన్యపు బేకింగ్ పౌడరులోను, పొడిచక్కెరలోను తరచుగా మొక్కజొన్న గంజిపిండి కలియును. కావున పస్కాకు యోగ్యమని ముద్రపడిన పొట్లములనే కొందురు.

విదేశములలో నివసించు తెలుగువారికి ఆ దినములలో యూదుమిత్రులను భోజనమునకు పిలుచు సందర్భము కలిగినచో, రవ్వకేసరి పనికిరాదనియు, సున్నియుండలు అందరికి చెల్లవనియు, బియ్యపు పాయసము ఒకరికి సమ్మతమై వేరొకరికి నిషిద్ధము కావచ్చుననియు గుర్తుంచుకొనవలెను. నిష్ఠగలవారు పాత్రల విషయమునను ఈ నియమములను పాటింతురు. కావున మీ యాచార మేదియని ముందుగా అడుగుడు. అడుగ వీలుకానిచో కోయని పండ్లను ముందుంచుడు.