‘ఒరే’కి మెంఫిస్ జవాబు

1968 ఫిబ్రవరి 1. అమెరికాలోని మెంఫిస్ నగరంలో జోరువాన. చెత్తబండిలో డ్రైవరు పక్కన చోటు నిండిపోయింది. ఏ ఇంటి చూరు కిందైనా నిలబడదామంటే తెల్లవాళ్ల వీధుల్లో కుదరదు. చెత్త ఎత్తేవాళ్లు మా గుమ్మాల దగ్గర చేరుతున్నారని అప్పటికే ఫిర్యాదులు వెళ్లాయి, వీధుల్లో ఆగొద్దని పైనుంచి హుకుం వచ్చింది. ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ ఇద్దరూ బండి వెనక చెత్త వేసే తొట్టిలోకే దూరారు. ఆ డొక్కు బండిని మూలన పడేయమని కార్మికులు ముందే మొత్తుకున్నారు. ఉన్నట్టుండి చెత్తను నొక్కే యంత్రం దానంతటదే కదిలింది. డ్రైవరు పరుగున వచ్చి మీట నొక్కాడు. ఆగలేదు.

అదే రోజు, అదే ఊళ్లో గాయకుడు ఎల్విస్ ప్రెస్లీకి కూతురు పుట్టింది. ఊరు దేని గురించి చెప్పుకుని ఉంటుందో వేరే చెప్పాలా!

రెండు కుటుంబాలకూ నగరపాలకులు ఒక నెల జీతం, మట్టి ఖర్చులకు 500 డాలర్లు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ప్రమాద పరిహారం అడిగే హక్కు గంటల లెక్కన కూలి చేసేవాళ్లకు లేదు. గంటకు రెండు డాలర్లు కూడా ముట్టని ఆ పని ఎలాంటిదంటే, పెరట్లోంచి చెత్తతొట్టిని భుజాన పెట్టుకుని మోసుకు రావాలి. తొట్టి అడుగున చిల్లులు. కుళ్లు నీళ్లు, పురుగులు మెడ మీంచి చొక్కాలోకి జారేవి. ఇంటికి వెళ్లాక గుమ్మం బయటే బట్టలు విప్పి లోపల అడుగు పెట్టేవారు. ఆ చావులకు ఒకట్రెండు రోజుల ముందు కూడా వాన పడితే నల్ల కార్మికులను కూలి కోసి ఇంటికి పంపారు, తెల్ల సూపర్‌వైజర్లకు మాత్రం పూర్తి జీతం ఇచ్చారు.

ఫిబ్రవరి 12న 1,300 మంది పనిలోకి వెళ్లలేదు. సమ్మె చట్టవిరుద్ధమన్నాడు మేయర్ హెన్రీ లోబ్. యూనియన్‌ను గుర్తించేది లేదన్నాడు.

మార్చి 28న ఎర్నెస్ట్ విదర్స్ తీసిన ఫొటో మీరు ఎక్కడో చూసే ఉంటారు. చర్చి బయట వీధి పొడవునా నల్ల మగవాళ్ల వరస, అందరి చేతుల్లో ఒకే అట్ట, దాని మీద ఒకే మాట: ‘నేను మనిషిని’. (విదర్స్ అప్పట్లో ఎఫ్‌బీఐకి సమాచారం చేరవేసేవాడని 2010లో బయటపడింది. అయినా మనకు ఆ వరసను దక్కించింది ఆయన కెమెరాయే.) కూలి పెంచమనో, బండ్లు మార్చమనో రాయకుండా ఈ మాట ఎందుకు రాశారు? అక్కడ తెల్లవాళ్లు తల నెరిసిన నల్లవాణ్ణి కూడా ‘బాయ్’ అని పిలిచేవారు. ఇది మనకు ఒకరు వివరించక్కర్లేదు. తాత వయసు పాలేరును దొరగారి మనవడు ‘ఒరే’ అని కేకేసిన ఊళ్లు మనవి.

మార్టిన్ లూథర్ కింగ్‌కూ ఈ చుట్టరికం తెలుసు. 1959లో కేరళలో దళిత పిల్లల బడికి వెళ్తే, ప్రిన్సిపాల్ ఆయన్ను అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా పరిచయం చేశారట. మొదట మనసు చివుక్కుమన్నా, ఆలోచిస్తే నిజమే అనిపించిందని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

స్కూలు పుస్తకాల్లో కింగ్ 1963 నాటి ‘కల’ ప్రసంగం దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే, ఆ తర్వాతి కింగ్‌ను జీర్ణించుకోవడమే కష్టం. 1966 గాలప్ సర్వేలో 63 శాతం మంది ఆయన మీద అయిష్టమే చెప్పారు. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో వియత్నాం యుద్ధాన్ని ఖండిస్తూ, దేశం విలువలే సమూలంగా మారే విప్లవం రావాలన్నారు. జాతి వివక్ష, డబ్బు మోజు, యుద్ధం మూడూ ఒకే కుదురు నుంచి మొలిచినవన్నారు. పెద్ద పత్రికలు విరుచుకుపడ్డాయి. ఆయన మాత్రం అన్ని రంగుల పేదలనూ వాషింగ్టన్‌కు నడిపించే పనిలో పడ్డారు. ఇలాంటప్పుడు మెంఫిస్ సమ్మెలోకి దిగడం ఎందుకని సొంత మనుషులే వారించినా ఆయన వెళ్లారు. చెత్త ఎత్తేవాళ్ల సమ్మెను పక్కన పెట్టి పేదల పోరు ఎలా నడుస్తుంది?

మార్చి 22న ఊరంతా పని బంద్ చేద్దామనుకుంటే, ఆ రోజు అడుగుకు పైగా మంచు కురిసి ఊరు దానంతటదే బందయింది. 28న ఊరేగింపులో అద్దాలు పగిలాయి, లాఠీలు లేచాయి. పోలీసు తూటాకు పదహారేళ్ల లారీ పేన్ చనిపోయాడు. ఏప్రిల్ 3 రాత్రి గాలివాన. ఒళ్లు బాగాలేక కింగ్ మోటల్‌లోనే ఉండిపోయి, సభకు తన బదులు సహచరుడు అబెర్నతీని పంపారు. అంత వానలోనూ జనం తన కోసమే కూర్చున్నారని అబెర్నతీ ఫోన్ చేస్తే లేచి వచ్చి, కాగితం ముక్కైనా లేకుండా మాట్లాడారు. మర్నాడు సాయంత్రం ఆరు గంటల ఒక నిమిషానికి లొరెయిన్ మోటల్ వరండాలో ఆయనకు తూటా తగిలింది. రివర్‌సైడ్ ప్రసంగానికి ఆ రోజుతో సరిగ్గా ఏడాది.

ఏప్రిల్ 16న ఒప్పందం కుదిరింది. యూనియన్‌కు గుర్తింపు వచ్చింది. గంటకు మే నుంచి పది సెంట్లు, సెప్టెంబరు నుంచి మరో ఐదు సెంట్లు పెరిగాయి.

నగర పింఛను మాత్రం వాళ్లకు అందలేదు. 2017లో, దాదాపు యాభై ఏళ్లకు, బతికున్న కొద్దిమందికి నగరం ఏకమొత్తంగా కొంత సొమ్ము ప్రకటించింది. అప్పటికి వాళ్లలో ఒకాయన, ఎనభై ఏళ్లు దాటి, ఇంకా చెత్తబండి నడుపుతూనే ఉన్నాడు.