ఆట ఆగిపోతే నేనెవర్ని?

ఈ ఎపిసోడ్ స్పోర్ట్స్ అకాడమీల్లో ఉన్న పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం.

నేను పదకొండో ఏట బ్యాడ్మింటన్ అకాడమీలో చేరాను. తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం, రెండు పూటలా ప్రాక్టీసు. స్కూలు మొహం పరీక్షలప్పుడే చూసేవాణ్ణి. ఏ పెళ్లికెళ్లినా నా పేరు ఎవరూ అడిగేవాళ్లు కాదు, "షటిల్ ఆడే అబ్బాయి" అనేవాళ్లు. నాకూ అది గొప్పగానే ఉండేది. పదిహేడో ఏట మోకాలికి ఆపరేషనైంది. డాక్టరుగారు ఏడాదిపాటు కోర్టులో అడుగు పెట్టొద్దన్నారు. ఆ రాత్రి నొప్పి కన్నా భయమే ఎక్కువైంది. ఆట లేకపోతే నేనెవర్ని? ఎంత వెతికినా జవాబు దొరకలేదు.

దీనికి సైకాలజీలో ఒక పేరుంది, ఐడెంటిటీ ఫోర్‌క్లోజర్. 1966లో జేమ్స్ మార్షియా అనే మనస్తత్వవేత్త దీన్ని వివరించారు. వేరే దారులేవీ చూడకుండానే "ఇదే నేను" అని ఖాయం చేసేసుకోవడం అన్నమాట. టీనేజీ అంటే నాలుగూ ప్రయత్నించి చూసుకునే వయసు కదా? అకాడమీ పిల్లలకి ఆ తీరిక ఉండదు. ఆటే ప్రాణమనుకోవడంలో లాభం లేకపోలేదు, క్రమశిక్షణ దాని నుంచే వస్తుంది. చిక్కల్లా గాయమైనప్పుడు, సెలెక్షన్‌లో పేరు రానప్పుడు. అప్పుడు మ్యాచ్ పోయినట్టుండదు, మనమే పోయినట్టుంటుంది.

మరి గెలిస్తే సరిపోతుందా? 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా మన దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చారు. తన జీవితంలో పెద్ద మానసిక సంక్షోభం గెలిచాకే వచ్చిందని తర్వాత ఆయనే చెప్పారు. ఇంకొకరు సిమోన్ బైల్స్. 2021లో టోక్యోలో టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకున్నారు. అప్పుడు జనం చూపించిన ప్రేమ వల్లే, తన విజయాలకీ జిమ్నాస్టిక్స్‌కీ మించి తానొక మనిషినని మొదటిసారి నమ్మకం కలిగిందన్నారు. 2024లో పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచారు. ఆగడం అంటే అయిపోవడం కాదు, చూశారుగా.

నా సంగతి చెప్తాను. ఆ ఏడాది మా పెదనాన్న సైకిల్ షాపులో కూర్చునేవాణ్ణి. స్టూలు మీద కూర్చునే చక్రాలకి బెండు తీయడం నేర్చుకున్నా. అక్కడికొచ్చేవాళ్లకి నా ర్యాంకు తెలీదు. "చక్రం బాగా తీశావురా" అనేవాళ్లు. నన్ను నిలబెట్టింది ఆ మాటే.

అందుకని అమ్మానాన్నలకి ఒక్కటే మనవి. ఫోన్ చేయగానే "గెలిచావా?" అనకండి. "తిన్నావా? ఇవాళ ఎవరితో నవ్వావు?" అని అడగండి. వారానికి ఓ గంట ఆటకి సంబంధం లేని పని ఏదైనా చేయనివ్వండి. పిల్లలు నిద్రపోకపోయినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా ఆలస్యం చేయొద్దు. టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మళ్లీ కలుద్దాం. ఉంటాను.