పాత బండికి ‘వింటేజ్’ హోదా.. ఎవరికి మేలు? ఎవరికి భారం?
యాభై ఏళ్లు దాటితేనే అర్హత.. నమోదు రుసుము రూ.20 వేలు
రోజువారీ వాడకానికి కుదరదు.. పాత నంబరు మాత్రం పదిలం

వరంగల్: నగరంలోని పాత ఇళ్ల వసారాల్లోనూ, పల్లెల్లోని కొట్టాల్లోనూ గోనెపట్టాలు కప్పుకొని నిలిచిన జావా మోటారు సైకిళ్లు, లాంబ్రెటా స్కూటర్లు, ఫియట్, అంబాసిడర్ కార్లు నేటికీ అక్కడక్కడ కానవస్తూనే ఉన్నాయి. చాలా ఇళ్లలో అది తండ్రో తాతో కష్టార్జితంతో కొన్న తొలి వాహనం. పదిహేనేళ్లు దాటిన బండ్లన్నింటినీ ప్రభుత్వం తుక్కు చేయిస్తుందన్న ప్రచారాన్ని నమ్మి వాటిని కిలోల లెక్కన ఇనుప సామాను కొట్లకు తూకం వేసేవారూ లేకపోలేదు. ఈ ప్రచారంలో నిజం కొంతే. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు కేంద్ర ప్రభుత్వం 2021లో ‘వింటేజ్’ పేరిట ప్రత్యేక నమోదు విధానాన్ని తీసుకువచ్చింది. అయితే పాత బండి ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ హోదా అవసరమా అన్నది ఆలోచించవలసిన విషయం. నిబంధనలు తెలియక తొందరపడితే వేల రూపాయలు చెల్లించి, బండిని బజారుకు సైతం తీసుకుపోలేని పరిస్థితి ఎదురవుతుంది.

తుక్కు భయం ఎంతవరకు నిజం?

మోటారు వాహనాల చట్టం–1988 మరుసటి ఏడాది జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. సొంత అవసరాలకు వాడే వాహనాల రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల పాటు చెల్లుతుందని ఈ చట్టంలోని 41వ సెక్షన్ చెబుతోంది. గడువు ముగిశాక అధికారులు బండిని పరిశీలించి, రోడ్డుపై తిరగడానికి యోగ్యంగా ఉందని తేల్చితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఎన్నిసార్లు పొడిగించాలన్న పరిమితి లేదు. అంటే కేవలం వయసు మీరినంత మాత్రాన తెలంగాణలో సొంత వాహనాన్ని తుక్కు చేయాలన్న నిర్బంధం లేదు.

ప్రభుత్వ వాహనాల సంగతి వేరు. పదిహేనేళ్లు నిండిన ప్రభుత్వ శాఖల, ప్రభుత్వ రంగ సంస్థల వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించరాదని కేంద్రం ఆదేశించింది. అదేవిధంగా ఢిల్లీ రాజధాని ప్రాంతంలో కాలుష్యం కారణంగా పాత డీజిల్, పెట్రోలు వాహనాలపై వేరే ఆంక్షలు వచ్చాయి. ఈ రెండు వార్తలూ కలగలిసి అన్ని బండ్లకూ వర్తిస్తాయన్న అపోహకు దారితీశాయి.

‘వింటేజ్’ అంటే ఏమిటి?

2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించి, 81–ఏ మొదలు 81–జీ వరకు కొత్త నిబంధనలను చేర్చింది. వీటి ప్రకారం తొలిసారి విక్రయించి రిజిస్టరు చేసిన తేదీ నుంచి యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు ‘వింటేజ్’ తరగతికి అర్హమైనవి. విదేశాల నుంచి దిగుమతి చేసుకున్నవి కూడా ఇందులోకి వస్తాయి. ఉదాహరణకు 1970లో తొలిసారి నమోదైన జావా 2020 నాటికే యాభై ఏళ్లు పూర్తిచేసుకుంది. 1980లో నమోదైన అంబాసిడర్ మాత్రం 2030 వరకు ఆగవలసిందే.

లారీలు, బస్సులు, ట్రాక్టర్లు ఎంత పాతవైనా ఈ తరగతిలోకి రావు. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో ప్రారంభించిన రోడ్డు రవాణా విభాగమే నేటి ఆర్టీసీకి మూలం. ఆనాటి ఆల్బియన్ బస్సు ఎంత చారిత్రకమైనదైనా ఈ నిబంధనల కింద నమోదుకు అర్హత ఉండదు. వ్యవసాయ కుటుంబాలు అపురూపంగా దాచుకున్న తొలితరం ట్రాక్టర్లదీ ఇదే పరిస్థితి.

ఇంజను మార్చితే ఇబ్బందే

వయసొక్కటే చాలదు. బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌ను, బాడీని, ఇంజనును గణనీయంగా మార్చి ఉండరాదన్నది రెండో షరతు. మన ప్రాంతంలో చాలా వాహనాలకు చిక్కు వచ్చిపడేది ఇక్కడే. పెట్రోలు ధర భరించలేక అంబాసిడర్లలో పాత ఇంజను తీయించి డీజిల్ ఇంజను పెట్టించుకోవడం ఒకప్పుడు మామూలు విషయం. అలాంటి కారు చూడడానికి ఎంత ముచ్చటగా ఉన్నా ‘వింటేజ్’ పరీక్షలో నిలవడం కష్టం. మోటారు సైకిళ్లకు కొత్త ట్యాంకులు, కొత్త ఫ్రేములు అమర్చి సోకులు చేయించినవారికీ ఇదే ఇబ్బంది ఎదురుకావచ్చు. కనుక దరఖాస్తుకు ముందే ఆర్సీ పుస్తకంలోని ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీదున్న అంకెలతో సరిపోతున్నాయో లేదో తుప్పు తుడిచి సరిచూసుకోవాలి.

నంబరు పోతుందా?

పాత బండి యజమానుల మొదటి ప్రశ్న ఇదే. ఇప్పటికే రిజిస్టరయిన వాహనం ‘వింటేజ్’ తరగతిలోకి మారినా పాత నంబరునే ఉంచుకోవచ్చునని నిబంధన స్పష్టం చేస్తోంది. కొత్తగా నమోదయ్యే వాహనాలకు మాత్రం ప్రత్యేక వరుస కేటాయిస్తారు. మొదట రాష్ట్ర సంకేతం, ఆ తరువాత ‘వీఏ’ అన్న రెండు అక్షరాలు, వాటి వెంట మరో రెండు అక్షరాల శ్రేణి, చివర 0001 నుంచి 9999 వరకు అంకెలు ఉంటాయి. తెలంగాణలో అయితే ఈ నంబరు ‘టీజీ వీఏ’తో మొదలవుతుంది.

నంబరు పలకను చూసి బండి కాలాన్ని ఇట్టే గుర్తుపట్టవచ్చు. 1989కి పూర్వపు బండ్లకు మూడు ఇంగ్లిషు అక్షరాలు, వాటి పక్కన అంకెలు ఉండేవి. కొత్త చట్టం వచ్చాక వరంగల్ జిల్లాకు ‘ఏపీ 36’ దక్కింది. 2014లో రాష్ట్రం ఏర్పడిన తరువాత అది ‘టీఎస్ 03’ అయింది. 2016లో జిల్లాల విభజనతో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తదితర కొత్త జిల్లాలకు వేర్వేరు సంకేతాలు వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు ‘టీజీ’ అమలవుతోంది. ఈ మార్పులేవీ పాత నంబర్లను రద్దు చేయలేదు. అందువల్లనే ఆ నంబరును కాపాడుకోవాలని పలువురు ఆరాటపడుతుంటారు.

దరఖాస్తు ఇలా

నిబంధనల ప్రకారం ‘పరివాహన్’ పోర్టల్ ద్వారా ఫారం 20లో దరఖాస్తు చేయాలి. దానికి బీమా పత్రం, నిర్ణీత రుసుము, ఇదివరకే రిజిస్టరయిన బండి అయితే పాత ఆర్సీ జత చేయాలి. దిగుమతి అయిన వాహనానికి కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ అవసరం. రాష్ట్రంలో ఇందుకోసం నియమించే నోడల్ అధికారి ఏర్పాటుచేసే కమిటీ బండిని పరిశీలించి, అర్హమైనదో కాదో తేల్చుతుంది. ఆమోదం లభిస్తే 60 రోజుల్లోగా ఫారం 23–ఏలో ధ్రువపత్రం జారీ చేయాలి. కొత్త నమోదుకు రుసుము రూ.20 వేలు. ధ్రువపత్రం పదేళ్లు చెల్లుతుంది. ఆపై పునర్నమోదుకు రూ.5 వేలు చెల్లించాలి. బండిని అమ్మితే కొన్నవారు, అమ్మినవారు ఇద్దరూ 90 రోజుల్లోగా రవాణా అధికారులకు తెలియజేయాలి. దరఖాస్తుకు ముందు స్థానిక రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవడం మంచిది.

రోడ్డెక్కేది వేడుకలకే

ఈ విధానంలో అతి ముఖ్యమైన షరతు వాడకానికి సంబంధించినది. ‘వింటేజ్’గా నమోదైన వాహనాన్ని రోజువారీ రాకపోకలకు గానీ, కిరాయికి గానీ వాడరాదు. ప్రదర్శనలు, పాత వాహనాల ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం పోయించుకోవడం, మరమ్మతులు వంటి పనులకు మాత్రమే రోడ్డు మీదికి తీసుకురావచ్చు. అంటే ఆ స్కూటరుపై లక్ష్మీపురం కూరగాయల మార్కెట్టుకు గానీ, కారులో మేడారం జాతరకు గానీ వెళ్లడం కుదరదు. పెళ్లి ఊరేగింపులకు అద్దెకు ఇచ్చినా నిబంధనను అతిక్రమించినట్లే.

ఐదేళ్ల పొడిగింపుతో పోల్చితే..

అందుకే బండిని అప్పుడప్పుడైనా నడపదలచినవారు మామూలు పొడిగింపునే ఎంచుకోవడం మేలు. దీనికి ఫారం 25లో దరఖాస్తు చేసి, బండిని తనిఖీకి చూపాలి. బీమా, కాలుష్య తనిఖీ పత్రాలు చూపడంతో పాటు హరిత పన్ను చెల్లించాలి. 2025 ఆగస్టులో కేంద్రం సవరించిన రుసుముల ప్రకారం ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిలుకు రూ.2 వేలు, కారుకు రూ.10 వేలు అవుతుంది. గడువు ముగిశాక ఆలస్యం చేస్తే నెలకు మోటారు సైకిలుకు రూ.300, ఇతర సొంత వాహనాలకు రూ.500 చొప్పున అదనపు రుసుము పడుతుంది. ఏళ్ల తరబడి మూలన పడిన బండి అయితే బాకీ మొత్తం ఎంతవుతుందో ముందుగానే కార్యాలయంలో లెక్క వేయించుకోవాలి.

ఈ లెక్కన పాత స్కూటరు యజమానికి ‘వింటేజ్’ హోదా పదింతల ఖర్చు. పైగా ఆంక్షలు అదనం. అదే విదేశీ కారు విషయంలో లెక్క తారుమారవుతుంది. ఇరవై ఏళ్లు దాటిన దిగుమతి కారుకు ఐదేళ్ల పొడిగింపు రుసుము రూ.80 వేలు కాగా, ‘వింటేజ్’ నమోదు పదేళ్లకు రూ.20 వేలతో ముగుస్తుంది. అలాంటి కారును ప్రదర్శనలకే పరిమితం చేయదలచినవారికి కొత్త విధానం లాభదాయకం. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో కొలువుదీరిన నిజాం నాటి రోల్స్ రాయిస్ వంటి వాహనాలను తలచుకుంటే ఈ నిబంధనలు ప్రధానంగా ఎవరిని దృష్టిలో పెట్టుకొని రూపొందాయో అర్థమవుతుంది.

ఇతర దేశాల్లో పద్ధతి కొంత ఉదారంగా ఉంది. అమెరికాలోని పలు రాష్ట్రాలు పాతికేళ్లకే ‘యాంటిక్’ పలకలు ఇస్తాయి. బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులకు లోనుకాని వాహనాలకు రోడ్డు పన్ను, వార్షిక తనిఖీల నుంచి మినహాయింపు ఉంది. మన దేశంలో పాతికేళ్ల నుంచి యాభై ఏళ్ల లోపు బండ్లకు ఎలాంటి ప్రత్యేక హోదా లేదు. అవి ఆ వయసు వరకు నిలవాలంటే మధ్యలో మామూలు పొడిగింపులే ఆధారం.

కాగితాలే కీలకం

ఏ దారి ఎంచుకున్నా ఆర్సీ పుస్తకం లేనిదే అడుగు ముందుకు పడదు. చాలా బండ్లు నేటికీ కాలం చేసినవారి పేరు మీదే ఉన్నాయి. యజమాని మరణిస్తే వారసులు 30 రోజుల్లోగా రవాణా అధికారికి తెలిపి, మూడు నెలల్లోగా ఫారం 31లో పేరు మార్పునకు దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, తోబుట్టువుల అంగీకారం సిద్ధం చేసుకోవాలి. గడువు దాటిపోయినవారు మరింత జాప్యం చేయకుండా కార్యాలయాన్ని సంప్రదించాలి. పుస్తకం పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి, ఫారం 26లో నకలు కోరాలి. పాత రికార్డుల్లో వివరాలు వెతికించడానికి నంబరుతో పాటు ఛాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు దగ్గర ఉంచుకుంటే పని తేలికవుతుంది.

ఇక బండిని వదిలించుకోవాలనే నిర్ణయించుకున్నవారు సైతం ఒక జాగ్రత్త పాటించాలి. ఇనుప కొట్టులో తూకం వేయించినంత మాత్రాన రిజిస్ట్రేషన్ రద్దు కాదు. ఆ నంబరు పలకను ఎవరైనా మరో బండికి తగిలించి తప్పు చేస్తే నోటీసు వచ్చేది రికార్డుల్లో పేరున్నవారి ఇంటికే. అధికారిక తుక్కు కేంద్రంలో అప్పగిస్తే డిపాజిట్ ధ్రువపత్రం ఇస్తారు. వాహనం పూర్తిగా ధ్వంసమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్సీని అప్పగించాలని చట్టంలోని 55వ సెక్షన్ నిర్దేశిస్తోంది. బండిని ఉంచుకున్నా, వదిలించుకున్నా ముందుగా ఆర్సీ పుస్తకం వెతికి, అందులోని తేదీ, పేరు, ఇంజను నంబరు చూసుకొని ఆ తరువాతే నిర్ణయానికి రావడం శ్రేయస్కరం.