ఎక్స్‌బాక్స్ అమ్మితే మైక్రోసాఫ్ట్‌కి నష్టమే.. మరి డబ్బులెక్కడి నుంచి వస్తాయి?

ఫోన్ అమ్మితే కంపెనీకి ఎంతో కొంత మిగలాలి. గేమ్ కన్సోల్ లెక్క వేరు. ఎక్స్‌బాక్స్ కన్సోల్స్ అమ్మి ఎప్పుడూ లాభం చూడలేదని 2021లో ఎపిక్, యాపిల్ కేసులో మైక్రోసాఫ్ట్ ప్రతినిధి కోర్టులోనే చెప్పారు. ఒక్కో కన్సోల్ మీద 100 నుంచి 200 డాలర్లు తామే భరిస్తున్నామని 2022లో అప్పటి ఎక్స్‌బాక్స్ బాస్ ఫిల్ స్పెన్సర్ అన్నారు.

మరి నష్టానికి ఎందుకు అమ్మడం అంటారా? అసలు సంపాదన గేమ్స్‌లో ఉంది. ఎక్స్‌బాక్స్ స్టోర్‌లో వేరే కంపెనీ గేమ్ అమ్ముడైతే సాధారణంగా 30 శాతం మైక్రోసాఫ్ట్‌కి వెళ్తుంది. 60 డాలర్ల గేమ్‌కి 18 డాలర్లన్నమాట. ఈ లెక్కన 150 డాలర్ల నష్టం పూడాలంటే మీరు కనీసం 9 గేమ్స్ కొనాలి. రెండు ఆడి కన్సోల్ పక్కన పెట్టేస్తే ఆ నష్టం అలాగే ఉండిపోతుంది.

హార్డ్‌వేర్ పాడైతే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. 2007లో ఎక్స్‌బాక్స్ 360 'రెడ్ రింగ్' సమస్యకి వారంటీని మూడేళ్లకు పెంచి, 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఒకప్పుడు కన్సోల్ పాతబడేకొద్దీ రేటు తగ్గేది. ఇప్పుడు రివర్స్. 2020లో 499 డాలర్లకు వచ్చిన సిరీస్ ఎక్స్, 2025 అక్టోబర్‌కి అమెరికాలో దాదాపు 650 డాలర్లయింది.

ఇంకో మెలిక చూడండి. సెకండ్ హ్యాండ్ డిస్క్ కొంటే కంపెనీకి పైసా రాదు. డిస్క్ డ్రైవ్ లేని మోడల్ తీసుకుంటే ప్రతి గేమూ వాళ్ల స్టోర్‌లోనే కొనాలి. కాబట్టి కన్సోల్ కొనేముందు, మీరు ఏడాదికి ఎన్ని గేమ్స్ కొంటారో కూడా లెక్కేసుకోండి.